దినచర్యగా వ్యాయామం: కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు జీవితం
(ప్రత్యేక వ్యాసం)

నూతన సంవత్సరం తొలి వారంలో పట్టణాలలోని జిమ్‌లలో నిలబడేందుకు చోటు దొరకదు. ఉగాది నాటికి అక్కడే సగం పరికరాలు ఖాళీగా కనిపిస్తాయి. ఏడాది ఫీజు ముందుగా చెల్లించినవారిలో కూడా పలువురు మధ్యలోనే మానివేస్తారు. 2022లో మన దేశంలోని వయోజనులలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక వెల్లడించింది. వారానికి కనీసం 150 నిమిషాల పాటు ఒక మోస్తరు శ్రమ చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. దీనిని కాదనేవారు లేరు. ప్రారంభించేవారు కూడా ఎందరో ఉన్నారు. నాలుగు నెలల తరువాత కూడా కొనసాగించేవారే తక్కువ. ఈ నేపథ్యంలో శతాబ్దం క్రితం యావద్భారతానికీ బలానికి మారుపేరుగా నిలిచిన తెలుగు మల్లుడు కోడి రామమూర్తి నాయుడు జీవితాన్ని మరొకసారి పరిశీలించడం సముచితం. ఏనుగును ఛాతీపై నిలిపిన ఘట్టం అందరికీ తెలిసినదే. దాని వెనుక ఏళ్ల తరబడి సాగిన దినచర్య గురించి మాత్రం అంతగా చెప్పుకోవడం లేదు.

1880వ దశకం తొలినాళ్లలో వీరఘట్టంలో రామమూర్తి జన్మించారు. అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉన్న ఈ ఊరు అనంతరకాలంలో శ్రీకాకుళం జిల్లాలో చేరింది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో పార్వతీపురం మన్యం జిల్లాకు మారింది. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్నతనంలోనే గతించడంతో తండ్రి చేతులలోనే పెరిగారు. బాల్యంలో ఆయనకు చదువుపై ఏమంత ఆసక్తి ఉండేది కాదు. ప్రతిదినం వేకువనే ఊరి సమీపంలోని రాజచెరువు గట్టుకు వెళ్లి దండీలు, బస్కీలు తీయడం అలవాటు చేసుకున్నారు. ఆ గట్టుపైనే ఒక సిద్ధపురుషుడు కనిపించి మంత్రోపదేశం చేశాడని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. ఆ కథలోని నిజానిజాల మాట ఎలా ఉన్నా, చెరువుగట్టు ఇంటికి చేరువలోనే ఉండడం, అక్కడికి వెళ్లేందుకు ఒక్క కాణీ ఖర్చు లేకపోవడం ఆ బాలునికి కలిసివచ్చాయి. వ్యాయామస్థలం దూరమైనకొద్దీ మానివేయడానికి సాకులు పెరుగుతాయన్న సంగతి నేటి నగరవాసులకు ఒకరు చెప్పవలసిన పనిలేదు.

కుమారుడు చదువు మాని తోటివారితో కలహాలకు దిగుతున్నాడని తండ్రి ఆయనను విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేస్తున్న పినతండ్రి నారాయణస్వామి నాయుడు వద్దకు పంపించారు. ఆదిభట్ల నారాయణదాసు హరికథలతోనూ, గురజాడ అప్పారావు సాహిత్యకృషితోనూ ఆ పట్టణం అప్పటికే కళకళలాడుతోంది. సాముగరిడీలకూ, కుస్తీలకూ కూడా అక్కడ ఆదరణ ఉండేది. బాలుని దృష్టి పుస్తకాలవైపు మళ్లకపోగా గోదావైపే మరింతగా సాగింది. అయితే పినతండ్రి అతనిని అదుపు చేయబోయి ఆసక్తిని చంపివేయలేదు. వ్యాయామశాలలో చేర్చి పద్ధతిగా నేర్చుకునే ఏర్పాటు చేశారు.

ఈ మార్పు చిన్నదేమీ కాదు. చెరువుగట్టున ఒంటరిగా కసరత్తు చేసే పిల్లవాడు ఒకనాడు రాకపోయినా అడిగేవారుండరు. తాలింఖానాలో అలా కాదు. ఉస్తాదు ఉంటాడు, జోడీ ఉంటాడు. ఒక్కరోజు రాకపోతే మరునాడు సంజాయిషీ చెప్పుకోవలసిందే. గోదాలో దిగేముందు మట్టిని తవ్వి మెత్తబరచడం, నూనె మర్దనం చేయడం, చిన్నవారికి పట్లు చూపించడం అందరూ కలిసి చేసే పనులు. మనసు ఎటు లాగినా కాళ్లు అటే నడిచేటట్లు ఈ ఏర్పాటంతా చేస్తుంది. నేటి జిమ్‌లలో అద్దాలు, యంత్రాలు ఎన్ని ఉన్నా, ఈ పలకరింపు కొన్నిచోట్ల కరువైందన్నది ఈ రచయిత అభిప్రాయం.

కుస్తీలలో పేరు వచ్చిన తరువాత రామమూర్తి మద్రాసులో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, ఉపాధ్యాయ యోగ్యతాపత్రంతో విజయనగరం తిరిగివచ్చారు. తాను చదివిన ఉన్నత పాఠశాలలోనే డ్రిల్లు మాష్టారుగా చేరారు. జీవితచరిత్రలు ఈ ఉద్యోగపర్వాన్ని రెండు వాక్యాలలో దాటవేస్తాయి. ఆయన సాధన నిలదొక్కుకోవడానికి ఇది దోహదం చేసిందనడంలో సందేహం లేదు. మైదానంలో విద్యార్థులు వరుసలు తీరి ఎదురుచూస్తుండగా మాష్టారు బద్ధకించడానికి వీలుండదు. నేర్చుకునేవాడు ఒకరోజు తప్పించుకోవచ్చును గాని నేర్పేవానికి ఆ వెసులుబాటు లేదు.

ఆ రోజులలో దేహదారుఢ్యం అనగానే ప్రపంచమంతటా వినిపించిన పేరు యూజెన్ శాండో. జర్మనీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఈ బలశాలి 1904, 1905 సంవత్సరాలలో భారతదేశంలో పర్యటించి ప్రదర్శనలిచ్చారు. ఆయన పేరిట డంబెల్స్, స్ప్రింగు పరికరాలు, వ్యాయామ గ్రంథాలు విరివిగా అమ్ముడయ్యాయి. చేతులు లేని బనియన్‌ను మన ఇళ్లలో నేటికీ శాండో బనియన్ అనే పిలుస్తున్నామంటే ఆ ప్రభావం ఎంతటిదో ఊహించవచ్చు. రామమూర్తి మార్గం వేరు. దండీలు, బస్కీలు, ప్రాణాయామం ఆయన సాధనకు పునాది. వాటికి నేల, శరీరం, శ్వాస చాలు. కొనవలసినది ఏమీ లేదు, చెడిపోయే యంత్రం అసలే లేదు. ఊరు మారినా, సత్రంలో బసచేసినా, రైలు దిగిన వెంటనే అయినా సాధన సాగించవచ్చును. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగిన మనిషి బలం తరగకుండా ఉండడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనదిగా భావించవలసి ఉంటుంది. ఆయన శాకాహారి కావడం కూడా నాటి ప్రేక్షకులను ఆశ్చర్యపరచిన విషయం.

మిత్రుడు పొట్టి పంతులు ప్రోత్సాహంతో రామమూర్తి ఉద్యోగం విడిచి సర్కస్ కంపెనీ నెలకొల్పారు. ఛాతీకి, భుజాలకు ఉక్కు గొలుసు బిగించుకుని, గుండెల నిండా గాలి పీల్చి కండరాలు ఉప్పొంగించి దానిని తెంపివేసేవారు. రెండు కార్లకు కట్టిన గొలుసులను చేతులతో పట్టి, అవి చెరొకవైపు లాగుతుంటే కదలనిచ్చేవారు కాదు. ఛాతీపై బల్ల వేయించుకుని దానిమీద ఏనుగును నిలబెట్టించుకునేవారు. ఈ ప్రదర్శనలు చూసేందుకు జనం తండోపతండాలుగా తరలివచ్చేవారు. డేరా వేసి, టిక్కెట్లు అమ్మి, కరపత్రాలు పంచిన తరువాత ఆ రాత్రికి ఒంట్లో బాగాలేదని చెప్పడానికి వీలులేదు. కంపెనీలోని కళాకారులు, పనివారు, జంతువుల పోషణ అంతా ఒకే ఒక దేహంపై ఆధారపడి ఉండేది. ఉదయం చేసే సాధన ఇక ఇష్టాయిష్టాల వ్యవహారం కాకుండా పోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బల్ల బరువును ఛాతీ అంతటికీ పంచుతుంది. బిగబట్టిన ఊపిరి పక్కటెముకలకు లోపలినుంచి ఊతమిస్తుంది. అయినప్పటికీ ఇవి దశాబ్దాల అభ్యాసం గల నిపుణుడు చేసిన విన్యాసాలు. ఊపిరి బిగబట్టి అధిక బరువు ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారికి ఇది ప్రాణాంతకం కాగలదు. రామమూర్తి నుంచి నేర్వదగినది చెరువుగట్టు అలవాటే గాని ఏనుగు విన్యాసం కాదు.

సర్కస్‌తో ఆయన దేశమంతా పర్యటించారు. పూణేలో లోకమాన్య తిలక్ ఆయనను ఆదరించి మల్లమార్తాండ బిరుదుతో సత్కరించారు. పండిత మదనమోహన మాలవీయ విదేశాలలో కూడా భారతీయుల శక్తిని చాటవలసిందిగా ప్రోత్సహించారు. లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి సమక్షంలో ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులిస్‌గా ప్రశంసలందుకున్నారు. తెలుగువారికి మాత్రం ఆయన ఎప్పుడూ కలియుగ భీముడే. భారతీయులు బలహీనులనే ప్రచారం పాలకవర్గంలో బలంగా ఉన్న కాలమది. ఆ కారణంగా ఆయన విజయాలకు సర్కస్ డేరాకు మించిన అర్థం ఏర్పడింది. సంపాదించిన ధనాన్ని దానధర్మాలకూ, జాతీయోద్యమానికీ ఉదారంగా వెచ్చించారు.

బిరుదులకంటే విలువైన గుర్తింపు మరొకటి ఉంది. అది ఉత్తరప్రదేశ్‌లోని ఒక జైలు గది నుంచి వచ్చింది. కాకోరీ కేసులో మరణశిక్ష పడిన విప్లవవీరుడు రామప్రసాద్ బిస్మిల్ 1927 డిసెంబరు 19న గోరఖ్‌పూర్ జైలులో ఉరికంబం ఎక్కారు. దానికి ముందు ఆ జైలులోనే ఆత్మకథ రాశారు. చిన్ననాట సిగరెట్లకు బానిసై, ఆ వ్యసనం నుంచి బయటపడి వ్యాయామంలో నిలదొక్కుకున్న యువకుడాయన. ఆ గ్రంథంలో విద్యార్థుల దినచర్యను వివరిస్తూ, దండీలు, బస్కీలను ప్రొఫెసర్ రామమూర్తి పద్ధతిలో తీయడం మేలని సూచించారు. తక్కువ సమయంలోనే చాలినంత శ్రమ జరుగుతుందన్నది అందుకు ఆయన చూపిన కారణం. మరణం ముంగిట నిలిచిన మనిషి దేశయువతకు చెప్పదలచుకున్న విషయాలలో ఒక తెలుగు డ్రిల్లు మాష్టారి వ్యాయామ పద్ధతికి చోటు దక్కడం గమనార్హం. ఆయన ప్రస్తావించినది ఏనుగును కాదు, గొలుసును కాదు. పాఠాలు చదువుకునే పిల్లవానికి కూడా వీలయ్యేంత కొద్దిపాటి సాధనను.

ఈ వ్యాసకర్త స్వానుభవం కూడా ఇందుకు భిన్నంగా లేదు. యాభై దాటిన తరువాత రక్తంలో చక్కెర హద్దు మీరిందని వైద్యుడు హెచ్చరించగా, ఆ భయంతో ఇంటికి అయిదు కిలోమీటర్ల దూరంలోని ఒక జిమ్‌లో ఏడాది ఫీజు చెల్లించి చేరడం జరిగింది. మొదటి రోజునే గంటన్నర సేపు శ్రమించి, మూడు రోజులు మెట్లు దిగలేక, మూడవ వారానికి పూర్తిగా మానివేయడమూ జరిగింది. అధికారిక పర్యటనలు, మంత్రివర్యుల కార్యక్రమాలు, అర్ధరాత్రి పత్రికా ప్రకటనలు సాకులుగా బాగా పనికివచ్చాయి. తరువాత ఇంటి డాబాపై పది బస్కీలు, గోడకు చేతులాన్చి పది దండీలతో మొదలుపెట్టగా, పర్యటనలో అతిథిగృహంలో ఉన్నప్పుడు కూడా అది సాగింది. కొన్ని వారాల తరువాత వీధి చివరి జిమ్‌కు పొరుగింటి విశ్రాంత ఉపాధ్యాయునితో కలిసి వెళ్లడం అలవాటైంది. ఆయన ఉదయం గేటు తట్టకపోతే ఈ వాక్యం రాసే అర్హత ఈ వ్యాసకర్తకు ఉండేది కాదు.

అలవాటు కుదురుకోవడానికి పట్టే కాలంపై లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. సగటున 66 రోజులు పట్టగా, కొందరికి 18 రోజులు, మరికొందరికి 254 రోజుల వరకు అవసరమని అంచనా వేశారు. మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు ఏర్పడడానికి పెద్దగా ఆటంకం కలుగలేదని కూడా గుర్తించారు. జనవరిలో చేరి ఫిబ్రవరిలో నిరాశపడేవారికి ఇది ఊరట కలిగించే విషయం. ఒకరోజు మానినందుకు సిగ్గుపడి ఇక వెళ్లడమే మానుకునేవారు మన కార్యాలయాలలో తక్కువేమీ లేరు.

రామమూర్తి చివరి సంవత్సరాలు సుఖంగా గడవలేదు. సర్కస్ వైభవం తరిగింది, సంపద కరిగింది. కాలికి లేచిన పుండు మానకపోవడంతో కాలు తీసివేయవలసి వచ్చింది. ఆ శస్త్రచికిత్సకు మత్తుమందు నిరాకరించి, ప్రాణాయామంతో నిశ్చలంగా ఉండిపోయారని చెబుతారు. ఆ కాలితో చేసే బస్కీలు ఆ రోజుతో ఆగిపోయాయి. వేకువ వేళ చెరువుగట్టున మొదలైన సాధనలో చివరికి ఆయన వద్ద మిగిలినది శ్వాస ఒక్కటే. ఒడిశాలోని బొలాంగీర్‌లో పాట్నా సంస్థానాధీశుని ఆదరణలో శేషజీవితం గడిపి, స్వగ్రామానికి దూరంగా అక్కడే 1942 జనవరిలో కన్నుమూశారు.

శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. ప్రతిదినం తెల్లవారకముందే నడకకు వచ్చేవారు, పరుగు తీసే యువకులు, పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థులు ఆ విగ్రహం ముందుగా సాగిపోతుంటారు.