రుద్రమదేవి, ఆమె నాయకులు

మేము భిలాయిలో ఆడే ఆన్‌లైన్ ఆటల్లో పాయింట్లు కూడితే చాలు, 'నైట్' బిరుదు వచ్చేస్తుంది. కాకతీయుల ఓరుగల్లులో దీనికి దగ్గరి పద్ధతి ఒకటుండేది. దాని పేరు నాయంకరం. రాజు కొన్ని ఊళ్ల ఆదాయం ఇస్తాడు. నాయకుడు దానితో సైన్యాన్ని పోషించి, పిలిచినప్పుడు యుద్ధానికి రావాలి.

గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురు రుద్రమకు రుద్రదేవుడని మగపేరు పెట్టి రాజ్యం అప్పగించాడు. శాసనాల్లోనూ ఆమె మహారాజే! దేవగిరి మహాదేవుడు దండెత్తి వచ్చినా ఓరుగల్లు చిక్కలేదు. ఆమెకూ కొడుకులు లేరు. కూతురి కొడుకు ప్రతాపరుద్రుణ్ణి వారసుణ్ణి చేసింది.

కాయస్థ అంబదేవుడు ఆమె సామంతుడు. గుర్రపు దళాలకు పేరుపడ్డ వంశం అతనిది. అంతటివాడు ఎదురుతిరిగాడు. ఆటలో అయితే బిరుదు తీసేస్తే సరిపోయేది! వృద్ధాప్యంలో రుద్రమే అతనిపైకి కదిలి, ఆ యుద్ధంలోనే మరణించిందని చరిత్రకారుల అభిప్రాయం.

నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. రుద్రమ, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని అందులో ఉంది. దాన్ని వేయించింది ఏ రాజూ కాదు, ఆ నాయకుడి సేవకుడు పువ్వుల ముమ్మడి. ఇద్దరి పుణ్యం కోసం అతను గుడికి భూమి ఇచ్చాడు.