పేదవాడి అప్పుకు దారి వెదికిన బందరు డాక్టరు

విశాఖ ప్రాంతపు పల్లెల్లో మహిళా పొదుపు సంఘాల సంగతి తెలియని ఇల్లు అరుదు. నెలనెలా తలా కొంత దాచుకోవడం, ఆ సొమ్ములోంచి అవసరమైనవారికి అప్పు ఇచ్చుకోవడం, సంఘమంతా పూచీ పడితే బ్యాంకు రుణం ఇవ్వడం ఇప్పుడు మామూలు విషయాలే. అయితే జనం దాచుకొన్న డబ్బు ఆ ప్రాంతపు జనానికే తక్కువ వడ్డీపై అందాలనే ఆలోచన ఆంధ్రదేశంలో వేళ్లూనుకోవడానికి వందేళ్ల క్రితమే పాటుపడిన వారిలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య ముఖ్యులు. కాంగ్రెసు నాయకునిగా ఆయన జగమెరిగినవారు. సుభాస్ చంద్రబోసుతో పోటీచేసి ఓడిపోయిన వ్యక్తిగా పాఠ్యపుస్తకాలకెక్కారు. రైతును అప్పుల ఊబి నుంచి గట్టెక్కించడానికి ఆయన చేసిన కృషి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

పట్టాభి 1880 నవంబరు 24న నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలను గ్రామంలో సామాన్య కుటుంబంలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకొన్నారు. కష్టపడి చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, ఆపై వైద్యవిద్య పూర్తిచేసి బందరులో ప్రాక్టీసు పెట్టారు. మంచి వైద్యునిగా పేరు, రాబడి రెండూ వచ్చాయి. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. కొద్ది సంవత్సరాలకే వైద్యవృత్తిని వదలిపెట్టి పూర్తిగా ప్రజాసేవలోకి దిగారు.

ఆనాటి అప్పులు

బందరు, విశాఖపట్నం రెండూ అప్పట్లో మద్రాసు రాజధానిలోని ఉత్తర సర్కారు ప్రాంతాలే. ఏ జిల్లాలో చూసినా రైతుకు షావుకారే దిక్కు. విత్తనాలకు, ఎడ్లకు, శిస్తుకు, పెళ్లికి, చావుకు ఆయన గుమ్మమే ఎక్కవలసి వచ్చేది. ప్రోనోటు తిరగరాసినప్పుడల్లా వడ్డీ అసలులో కలిసిపోయేది. చివరకు పొలం చేతులు మారేది.

విశాఖ మన్యంలో పరిస్థితి మరీ దారుణం. గిరిజనుల భూములు వడ్డీ వ్యాపారుల పాలవుతున్నాయని గ్రహించి ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంతాలకు ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. వడ్డీ సంవత్సరానికి నూటికి 24 రూపాయలు మించరాదని, మొత్తం వడ్డీ అసలును దాటరాదని ఆ చట్టం నిర్దేశించింది. అదే హద్దు అయినప్పుడు అంతకుముందు వసూలు ఏపాటిగా ఉండేదో ఊహించుకోవచ్చు. తీరప్రాంతంలో రంగూను వలసపోయే కూలీలు సైతం ఓడ ఛార్జీకి మేస్త్రీ వద్ద బయానా తీసుకొని, అది తీరేదాకా ఆయన చెప్పినచోట పనిచేయవలసి వచ్చేది.

బ్యాంకులు లేకపోలేదు. అయితే అవి పెద్ద పట్టణాల్లో, ఎక్కువగా ఆంగ్లేయుల చేతుల్లో ఉండేవి. 1906లో మద్రాసులోని ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీయడంతో దక్షిణాదిన ఎందరో తమ దాపుడు సొమ్ము పోగొట్టుకొన్నారు. బ్యాంకు అంటేనే జనానికి భయం పట్టుకొన్న రోజులవి.

సహకార బాట

1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. జర్మనీలో రైఫైజెన్ అనే ఆయన గ్రామీణుల కోసం నడిపిన సంఘాలు దీనికి ఒరవడి. ఊళ్లో ఒకరినొకరు ఎరిగిన పదిమంది ఒక సంఘంగా చేరతారు. ఒకరి బాకీకి అందరూ పూచీ. ఎవరు కష్టపడేవాడో, ఎవరు దుబారా మనిషో ఊరికి తెలుసు గనుక అప్పు దారితప్పదని నమ్మకం. కాని పేదల ఊళ్లో సంఘం పెట్టినంత మాత్రాన పెట్టెలోకి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ఈ చిక్కు తీర్చడానికి 1912 చట్టం కేంద్ర సహకార బ్యాంకులకు అనుమతినిచ్చింది. పట్టణంలో డిపాజిట్లు సేకరించి గ్రామ సంఘాలకు చేర్చడం వాటి పని.

ఆ అవకాశాన్ని పట్టాభి వదులుకోలేదు. 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకును స్థాపించారు. ఆ మరుసటి ఏడాది, 1916లో, విశాఖ పట్టణంలోనూ సహకార బ్యాంకు వెలిసింది. ఇలా ఒక్కొక్క జిల్లాలోనూ షావుకారు గుమ్మానికి ప్రత్యామ్నాయం ఏర్పడసాగింది.

లక్ష రూపాయల మూలధనం

సహకార సంఘాలు సరిపోవని, ఆంధ్రులకు తమదైన వాణిజ్య బ్యాంకు కావాలని పట్టాభి పూనుకొన్నారు. ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరై, అదే నెల 28న బందరులో వ్యాపారం ప్రారంభించింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఆయన అంతటితో ఆగలేదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1927లో కృష్ణా జిల్లా వడ్లమన్నాడులో భూమి తనఖా బ్యాంకు, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ ఆయన ప్రారంభించినవే. పంట అప్పు ఏడాదిలో తీరుతుంది గాని పాత బాకీ తీరదు. పొలం తనఖాపై చాలా ఏళ్ల గడువుతో అప్పు ఇచ్చి షావుకారు బాకీ వదిలించడమే భూమి తనఖా బ్యాంకుల ఉద్దేశం.

ఈ పనులు చేస్తూనే స్వాతంత్ర్యోద్యమంలో ముందు నిలిచారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. అదే సమయంలో ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం వచ్చి ధాన్యం ధర పడిపోయింది. బాకీ మాత్రం తగ్గలేదు. 1938లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. అసలుకు రెట్టింపు అప్పటికే చెల్లించిన రైతు బాకీ తీరినట్లేనని ఆ చట్టం తేల్చింది. పాత అప్పు బరువు తగ్గింది సరే, కొత్త అప్పు ఎవరిస్తారన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు బ్యాంకులూ, సంఘాలే చెప్పవలసి ఉంది.

1939లో బోసుపై కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీచేసి పట్టాభి ఓడిపోయారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయి, నెహ్రూ, పటేలు ప్రభృతులతో అహమ్మద్‌నగర్ కోటలో మూడేళ్లు నిర్బంధంలో గడిపారు. 1948లో జైపూరు కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు.

నూటికి మూడు రూపాయలు

ఆయన గవర్నరుగా ఉన్న రోజుల్లోనే, 1954లో, అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే నివేదిక వెలువడింది. యాభై ఏళ్ల సహకారోద్యమం తర్వాత కూడా దేశంలో రైతులు తెచ్చే ప్రతి నూరు రూపాయల అప్పులో సహకార సంఘాలు ఇస్తున్నది సుమారు మూడు రూపాయలే. దాదాపు డెబ్బై రూపాయలు వడ్డీ వ్యాపారులవే. లోపం ఎక్కడుందో దాపరికం లేదు. సంఘమైనా, బ్యాంకైనా హామీగా భూమినో బంగారాన్నో చూశాయి. అవి రెండూ ఉన్న రైతుకు దారి దొరికింది. కౌలుదారు, కూలీ, మత్స్యకారుడు, వారి ఇళ్లలోని ఆడవారు గుమ్మం బయటే నిలబడిపోయారు. పట్టాభి వేసిన బాట మంచిదే గాని అది పేదవాడి వాకిలి దాకా సాగలేదనక తప్పదు.

పట్టాభి 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. మిగిలిన బాట ఆ తర్వాత కొంచెం కొంచెంగా పడుతూ వచ్చింది. విశాఖపట్నం కేంద్రంగా గిరిజనుల కోసం 1956లోనే ఏర్పడిన సహకార సంస్థ, నేటి జి.సి.సి., అటవీ ఉత్పత్తులు కొనడంతోపాటు మన్యం రైతులకు అప్పులూ ఇచ్చింది. 1972లో నిరుపేదలకు నాలుగు శాతం వడ్డీపై రుణాల పథకం వచ్చింది. 1976లో శ్రీకాకుళం కేంద్రంగా శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు వెలిసింది. 1980లో ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది. 1982లో డ్వాక్రా, 1992లో పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయత్నం మొదలై, భూమి లేని మహిళకు సంఘమే హామీగా నిలిచింది.

అదే బాట పక్కదారి పట్టిన సందర్భమూ ఉంది. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు అధిక వడ్డీలతో, వారం వారం బలవంతపు వసూళ్లతో పేదలను వేధిస్తున్నాయనీ, కొందరు ప్రాణాలు తీసుకొన్నారనీ ఆందోళన చెలరేగడంతో 2010లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాటికి పగ్గం వేసింది. గుంపు పూచీ అనేది ఒకరినొకరు ఆదుకోవడానికి పుట్టింది. దాన్ని ఒకరి మెడపై మరొకరిచేత కత్తి పెట్టించే పద్ధతిగా మారిస్తే ఆ అప్పుకూ పాతకాలపు షావుకారు నోటుకూ తేడా ఉండదు.

బందరులో లక్ష రూపాయలతో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. బోర్డులపై ఆ పేరు తొలగిపోయింది. పొదుపు సంఘం సమావేశంలో సభ్యురాలు పుస్తకంలో సంతకం చేసి, హామీగా సెంటు భూమి చూపకుండానే అప్పు తీసుకొని, గడువుకు తిరిగి కట్టినప్పుడు డాక్టర్ పట్టాభి మొదలుపెట్టిన పని ఆయన చేరలేనిచోటికి చేరుతున్నది.