తొమ్మిది మంది పిల్లలకు అండ: డైసీ బేట్స్

మన పిల్లలు కొండ దిగి మైదానంలోని హైస్కూల్లో చేరితే, వారి యాసను, ఇంటిపేరును వెక్కిరించేవారు అక్కడక్కడా ఎదురవుతూనే ఉంటారు. అమెరికాలో ఇలాంటి బాధే పడిన పిల్లల పక్కన నిలబడిన డైసీ బేట్స్ గురించి మన యువత తెలుసుకోవాలని మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

డైసీ 1914లో ఆర్కాన్సా రాష్ట్రంలోని హటిగ్ అనే చిన్న ఊరిలో నల్లజాతి కుటుంబంలో పుట్టారు. ఆమె పసితనంలోనే తల్లిని తెల్లజాతి వ్యక్తులు చంపేశారు. హంతకులకు శిక్ష పడలేదు. ద్వేషంతో కుమిలిపోవద్దని, ఆ కోపాన్ని అన్యాయాన్ని మార్చే పనికి మళ్లించమని పెంచిన తండ్రి చివరి రోజుల్లో ఆమెకు చెప్పారు. 1941లో డైసీ, భర్తతో కలిసి లిటిల్ రాక్ నగరంలో పత్రిక మొదలుపెట్టారు.

జాతిని బట్టి వేరు బడులు చెల్లవని 1954లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1957 సెప్టెంబరు 4న తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు సెంట్రల్ హైస్కూలుకు వెళ్తే, గవర్నర్ నిలిపిన సైనికులు అడ్డుకున్నారు. అందరూ కలిసి వెళ్లాలని డైసీ కబురు చేశారు కానీ, ఇంట్లో ఫోన్ లేని ఎలిజబెత్‌కు అది అందలేదు. ఆ 15 ఏళ్ల అమ్మాయి ఒంటరిగా అల్లరిమూకలో చిక్కుకుంది. చివరికి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పంపిన సైన్యం రక్షణలో 25న పిల్లలు తరగతుల్లో కూర్చున్నారు.

అయినా వేధింపులు ఆగలేదు. సైనికుల కన్ను పడని చోట తన్నడం, మెట్ల మీద తోయడం, ఉమ్మడం సాగాయి. బడి వదలగానే పిల్లలు డైసీ ఇంటికి చేరి, జరిగింది చెప్పుకునేవారు. ఆమె ఆ వేధింపులన్నీ ఉత్తరంలో రాసి తమ సంఘం జాతీయ కార్యదర్శికి పంపారు. ఆమె ఇంటిపై రాళ్లు పడ్డాయి. ప్రకటనలు ఆగిపోయి 1959లో పత్రిక మూతపడింది. అయినా ఆమె పిల్లల చేయి వదల్లేదు.

వేధించినవారికి ఎదురు మాట అన్న ఒక అమ్మాయిని 1958 ఫిబ్రవరిలో బడి నుంచి తీసేశారు. మిగిలిన 8 మంది ఆ ఏడాది నిలబడ్డారు. మే నెలలో ఎర్నెస్ట్ గ్రీన్ ఆ బడి నుంచి పట్టా అందుకున్న తొలి నల్లజాతి విద్యార్థి అయ్యాడు. డైసీ 1999లో కన్నుమూశారు. 2024లో ఆమె విగ్రహాన్ని అమెరికా పార్లమెంటు భవనంలో నిలిపారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! తెగ పేరుతో నలుగురిలో అవమానించడం మన దేశంలో 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఎవరైనా వేధిస్తే తేదీ, చోటు, చూసినవారి పేర్లు రాసిపెట్టుకోండి. ఆ సాయంత్రమే మాకు చెప్పండి. మీ వెంట బడికి మేము వస్తాము.