హృదయబలమును వెదకిన శ్రీ సుబ్బారావు

మన గుండె రేయింబవళ్లు విశ్రమించక కొట్టుకొనుచునే ఉండును. ఆ శ్రమకు వలయు శక్తి ఎక్కడిదో లోకమునకు తెలిపినవారిలో ఒకరు తెలుగువారు. ఆయనే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

1895 జనవరి 12న భీమవరములో, కలిమిలేని కుటుంబమున ఆయన జన్మించినారు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి ఉత్తీర్ణులైనారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయుడైన ఆచార్యుని కోపమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు చిన్న పట్టాతో తృప్తిపడవలసి వచ్చినది. స్ప్రూ అను జీర్ణవ్యాధి ఆయన సోదరుని బలిగొన్నది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు మరల్చినది.

మామగారి ధనసహాయముతో అమెరికా చేరి, బోస్టను నగరములో రాత్రులు ఆసుపత్రిలో చిన్న పనులు చేయుచు హార్వర్డులో చదివినారు. ఆచార్య ఫిస్కేతో కూడి 1927లో కండరములయందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అను పదార్థమును వెల్లడించినారు. ఆ యేడే జర్మనీలో లోమన్ కూడ ఎ.టి.పి.ని గుర్తించినాడు. కండరము ముడుచుకొనుటకు కావలసిన శక్తి ఈ ఎ.టి.పి. నుండియే లభించును.

1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిన పిమ్మట ఆయన కృషి ఔషధరూపము దాల్చినది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ ఆయన బృందము ఇచ్చినదే. నేడు మిడుతూరు వంటి పల్లెలలో గర్భిణులకు ఇచ్చు మాత్రలోని ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినదియు ఆ బృందమే. సోదరుని కబళించిన స్ప్రూ వ్యాధికి ఆ ఆమ్లమే మందైనది.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, గుండెపోటు ఆయనను న్యూయార్కులో హరించినది. గుండెకు రక్తమిచ్చు ధమనులు మూసికొనిపోయినచో ప్రాణవాయువు అందదు, ఎ.టి.పి. తగినంత తయారుకాదు, కండరము నశించును. శక్తి రహస్యము తెలిసిన ఆ విజ్ఞానిని కాపాడు శస్త్రచికిత్స ఆనాటికి పుట్టలేదు.

1964లో లెనిన్‌గ్రాడులో కోలెసోవ్ ఎడమ ప్రక్కటెముకల నడుమనుండి ప్రవేశించి, కొట్టుకొనుచున్న గుండెకే రొమ్ములోపలి ధమనిని అతికినాడు. 1967లో అమెరికాలో ఫవలోరో కాలి సిరతో అడ్డంకిని దాటించు మార్గము వేసినాడు. తరువాత రొమ్ముటెముకను చీల్చు పద్ధతియే వాడుకయైనను, 1990లలో కోలెసోవ్ త్రోవ మరల ఆదరణ పొందినది. ఎముక చీల్చక, చిన్న కోతతో, తగిన రోగులకు నేడు ఈ చికిత్స జరుగుచున్నది. ఎముక అతుకుకొనువరకు వేచియుండు బాధ లేదు గనుక రోగి త్వరగా కోలుకొనును.

శస్త్రవైద్యుడు రక్తమునకు త్రోవ మాత్రమే చూపును. ఆ రక్తము చేరిన గుండె మరల తయారుచేసికొనునది, రెండుసార్లు పరీక్ష తప్పిన ఆ భీమవరపు విద్యార్థి గుర్తించిన ఎ.టి.పి.నే.