శ్రీమాన్ తిరుమలై కృష్ణమాచార్యులు

శ్రీవైష్ణవ గురుపరంపరలో ఆద్యులైన శ్రీమన్నాథమునులు పరమయోగులు. వారి యోగరహస్యము కురుగై కావలప్పన్ వరకు వచ్చి నిలిచిపోయినది. దానిని గ్రహింపవలసిన యామునాచార్యులు యాత్రలో నుండి నిర్ణీత దినమును మరచిరి; ఆ విద్య లోపించెను. ఆ లోటును తమదిగా భావించినవారు కృష్ణమాచార్యులు.

వీరు 1888 నవంబరు 18న చిత్రదుర్గ ప్రాంతమందలి ముచుకుందపురమున, నాథముని వంశీయులమని చెప్పుకొను తెలుగు అయ్యంగార్ల యింట జన్మించిరి. బాల్యముననే పితృవియోగము కలుగగా మైసూరు పరకాలమఠమును ఆశ్రయించి విద్య గడించిరి. పదునారవ యేట ఆళ్వార్ తిరునగరిలో నాథమునులే దర్శనమిచ్చి యోగరహస్యమును ఉపదేశించిరని వారి విశ్వాసము. చరిత్రకారుడు సందేహింపవచ్చును గాక, భక్తునకు సందేహము లేదు.

1933లో మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయరు ఆశ్రయమున యోగశాల నడిపిరి. 1935లో ఫ్రెంచి వైద్యురాలు తెరేజ్ బ్రాస్ యంత్రముతో పరీక్షింపగా, ఆచార్యులు తమ నాడి అందకుండునట్లు చేసిరి. గుండెయే ఆగినదని లోకము వింతపడెను. కొందరు యోగులను పరీక్షించి వెంగర్, బాగ్చీ, ఆనంద్ అను శాస్త్రజ్ఞులు 1961లో వేరొక మాట చెప్పిరి: ఊపిరి బిగబట్టి ఱొమ్మును అదిమినచో గుండెకు మరలివచ్చు రక్తము తగ్గి నాడి చిక్కదు, గుండె మాత్రము కొట్టుకొనుచునే యుండును. ఇందువలన ఆచార్యులకు వచ్చిన కొరత యేమియు లేదు. వారి ఘనత ఆ వింతలో లేదు.

1950లో యోగశాల మూతపడగా మదరాసు చేరిరి. అచ్చట రోగిని ఒక్కొక్కనిగా కూర్చుండబెట్టి, నాడి చూచి, వయోబలములకు తగినట్లు శ్వాసను నిదానింపజేసిరి. రేచకము పూరకముకంటె దీర్ఘముగా నుండవలెను. బలహీనునకు కుంభకపు బలవంతము తగదు. మా ఎల్లారెడ్డి వైపున సంధ్యవేళ ముక్కు తాకి వదలుటయే ప్రాణాయామమైనది, ఏమందుము! నిమిషమునకు ఆరు శ్వాసల మేరకు నిదానించినచో రక్తపుపోటును సరిదిద్దు శరీరవ్యవస్థ చురుకగునని నేటి వైద్యులందురు. మంత్రజపమున, క్రైస్తవుల జపమాలయందు కూడ శ్వాస ఆ గతికే వచ్చునని 2001లో ఇటలీ వైద్యుల పరిశోధన చూపినది. అట్లని హృద్రోగి ఔషధమును మానరాదు.

తొంబదియారేండ్లకు తుంటి యెముక విరిగినను శస్త్రచికిత్స వలదని, శయ్యపైననే అభ్యాసము సాగించిరి. 1989 ఫిబ్రవరి 28న, నూరేండ్లు దాటి, మదరాసున పరమపదించిరి. వారు చెప్పగా కుమారుడు దేశికాచార్యులు వ్రాసికొన్న యోగరహస్య శ్లోకములు 1998లో అచ్చయినవి.