వంటింట్లో ప్రభువు సన్నిధి

రేపటి నుంచి తప్పకుండా ప్రార్థన చేసుకోవాలని మనం ఎన్నోసార్లు తీర్మానించుకుంటాం. నాలుగు రోజులు బాగానే సాగుతుంది. ఐదో రోజు పని ఒత్తిడి, ఆరో రోజు అలసట. ఏడో రోజుకల్లా జపమాల మళ్లీ గూట్లోకి చేరుతుంది. ఇక మనవల్ల కాదని ఊరుకుంటాం. అలాంటి మనకు మూడు వందల ఏళ్లకు పైగా క్రితం పారిస్‌లో జీవించిన ఒక మఠం వంటవాని జీవితం ధైర్యం చెబుతుంది. ఆయనే బ్రదర్ లారెన్స్.

ఆయన అసలు పేరు నికొలాస్ హెర్మన్. 1614 ప్రాంతంలో లొరేన్ సీమలోని ఒక పల్లెలో పుట్టారు. పద్దెనిమిదో ఏట, చలికాలంలో ఆకులన్నీ రాలిన ఒక చెట్టును చూశారు. కొన్నాళ్లకు ఇదే చెట్టు చిగురించి, పూసి, కాస్తుంది కదా అనుకున్నారు. ఆ తలంపుతోనే దేవుని శక్తి, సంరక్షణ ఆయన మనసులో నాటుకుపోయాయి. సైన్యంలో పనిచేసి గాయపడ్డారు. కాలు కుంటిదయింది. 1640లో పారిస్‌లోని కార్మెల్ మఠంలో సహోదరుడిగా చేరారు.

అక్కడ ఆయనకు అప్పగించింది వంటపని. అది ఆయనకు ఏమాత్రం ఇష్టంలేని పని. అయినా సుమారు పదిహేనేళ్లు ఆ పొయ్యి దగ్గరే గడిపారు. మఠానికి ద్రాక్షారసం కొనడానికి బర్గండీ వెళ్లినప్పుడు, కుంటికాలితో నడవలేక పడవలోని పీపాల మీదుగా దొర్లుతూ పని ముగించారు.

ఆయన అలవాటు చాలా చిన్నది. పని మొదలుపెట్టే ముందు ప్రభువును తలచుకుని సాయం అడిగేవారు. పని మధ్యలో ఆయనతో మనసులోనే మాట్లాడేవారు. పని అయ్యాక తన్ను తాను పరీక్షించుకునేవారు. బాగా జరిగితే కృతజ్ఞత, తప్పు జరిగితే క్షమాపణ. పెనంమీద అట్టు తిరగవేసినా దేవుని ప్రేమకోసమే.

ఇదంతా సులువుగా అబ్బిందనుకుంటే పొరపాటు. మొదటి పదేళ్లు ఆయన ఎంతో వేదన పడ్డారు. మనసు పదేపదే దారి తప్పేది. పాత పాపాలు గుర్తొచ్చి కుమిలిపోయేవారు. కానీ తప్పిపోయిన ప్రతిసారీ, ఆ సంగతి ప్రభువు ముందు ఒప్పుకుని, దిగులుపడుతూ కూర్చోకుండా మళ్లీ ఆయనవైపు తిరిగేవారు. ఆ తిరిగి రావడమే క్రమేణా ఆయనకు అలవాటయింది. చివరికి మఠంలో ప్రార్థనా సమయానికీ, వంటశాల సందడికీ ఆయనకు తేడా లేకుండా పోయింది.

వయసు పైబడ్డాక చెప్పులు కుట్టే పని చేశారు. 1691 ఫిబ్రవరి 12న ప్రభువులో నిద్రించారు. తర్వాత జోసెఫ్ ద బోఫోర్ అనే గురువు ఆయన ఉత్తరాలను, సంభాషణలను గ్రంథస్థం చేశారు. నేటికీ సంఘభేదాలు లేకుండా క్రైస్తవులు వాటిని చదువుకుంటున్నారు.

ఆదివారం దివ్యబలిపూజలో కలిసిన ప్రభువు సోమవారం మన వంటింట్లోనూ, ఆఫీసులోనూ ఉంటాడు. నిన్న ప్రార్థన తప్పిపోయిందా? అయితే ఈరోజు పొయ్యి వెలిగించే ముందు ఒక్క క్షణం ఆయనను తలచుకుందాం. రేపు మళ్లీ మరచిపోతే, మళ్లీ ఆయన దగ్గరికే వద్దాం.