మూడవ సాలార్‌జంగు: ఆయుధములను, గ్రంథములను కూడబెట్టిన ప్రభువు

ఇబ్రహీంపట్నమను పేరు వినగానే పెద్దచెరువు మనస్సున మెదలును. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా ఆ పేరులో నేటికిని నిలిచియున్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచి కొనియాడిన ప్రభువాతడు. చెరువు త్రవ్వించినవాడు రాబోవు పంటలకు నీరు నిలువచేయును. పూర్వుల వస్తువులను కాపాడినవాడు రాబోవు తరములకు జ్ఞానము నిలువచేయును. అట్లు జ్ఞానమును నిలువచేసినవారిలో హైదరాబాదు నగరమున ప్రసిద్ధికెక్కిన పురుషుడు మూడవ సాలార్‌జంగు.

ఆయన అసలు పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889వ సంవత్సరము జూన్ 13న పూనా నగరమున జన్మించెను. తండ్రి మీర్ లాయఖ్ అలీఖాన్ రెండవ సాలార్‌జంగు; నైజాము రాజ్యమున దివానుగా పనిచేసినవాడు. బిడ్డకు నెల నిండకముందే ఆ తండ్రి కన్నుమూసెను. తాత మీర్ తురాబ్ అలీఖాన్ మొదటి సాలార్‌జంగు. 1853 మొదలు 1883 వరకు, ముప్పది సంవత్సరములు, ఆయన దివానుగా నుండెను. పన్ను వసూలును గుత్తకిచ్చు పద్ధతిని తగ్గించి, రాజ్యమును జిల్లాలుగను తాలూకాలుగను ఏర్పరచిన ఖ్యాతి ఆయనదే. 1859లో దర్బారు నుండి వెలుపలికి వచ్చుచుండగా ఒకడు ఆయనమీదను బ్రిటిషు రెసిడెంటుమీదను తుపాకి కాల్చెను. గురి తప్పెను గనుక ఆ వంశము నిలిచినది. తుపాకి గుండునుండి తృటిలో బయటపడిన ఆ తాత మనుమడే కాలక్రమమున ఆయుధములను కూడబెట్టి, వాటిని చూడదగిన వస్తువులుగా మార్చెను.

తండ్రిలేని బాలుని ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆదరించెను. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ 1912లో ఆయనను దివానుగా నియమించెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిమూడేండ్లు మాత్రమే. తాత ముప్పదియేండ్లు మోసిన బరువును మనుమడు రెండేండ్లకు మించి మోయలేదు. 1914లో పదవి వదలుకొనెను. ఆ తరువాత మరల అధికారము కోరలేదు. వివాహము చేసికొనలేదు. ఐశ్వర్యము మాత్రము అపారముగా నుండెను. కొప్పళ, అజంతా, కోస్గి మొదలగు చోట్ల విస్తరించిన జాగీరు ఆయనది. అధికారము పోయిన పిమ్మట మిగిలిన జీవితమంతయు ఆయన సేకరణకే ధారపోసెను.

ఈ అభిరుచి ఆ యింట కొత్తగా పుట్టినది కాదు. నేడు చూపరులను ముగ్ధులను చేయుచున్న ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మను తాతయే 1876లో రోము నగరమున కొనెను. కాని ఆ వేడుకను జీవితకాలపు దీక్షగా మార్చినవాడు మనుమడు. దేశవిదేశముల వర్తకులు సరకులతో దివాన్ దేవిడీకి వచ్చుచుండిరి. ఆయనయు ఐరోపా పర్యటనలలో స్వయముగా వస్తువులను ఏరి తెచ్చుచుండెను. పచ్చరాతి పనితనము, దంతపు బొమ్మలు, చిత్తరువులు, గడియారములు, తివాచీలు, పింగాణి పాత్రలు గదులు గదులుగా పేరుకొనెను. వాటి నడుమ కత్తులు, బాకులు, డాళ్లు, కవచములు, తుపాకులు ఒక ప్రత్యేక ఖజానాగా కూడెను.

ఆయుధములను సేకరించుట హింసయందలి మక్కువ యని కొందరు తలంతురు. నిజమది కాదు. ఆయుధము మనుష్యుని బుద్ధికుశలతకును భయమునకును గుర్తు. తుపాకి చరిత్రనే చూడుడు. మొదట మండుచున్న వత్తిని మందుకు తాకించి కాల్చెడివారు. వాన కురిసినచో ఆ తుపాకి మూగపోవును. తరువాత చెకుముకిరాయి నిప్పురవ్వతో కాలు తుపాకి వచ్చెను. ఆ పిమ్మట సుత్తి దెబ్బకు పేలు రాగిటోపీ వచ్చెను. ఇన్ని మార్పులు జరిగినను ఒక గుండు కాల్చిన పిదప మరల మందు దట్టించువరకు మనిషి నిస్సహాయుడే.

ఈ చిక్కును తీర్చిన వారిలో ముఖ్యుడు అమెరికా దేశీయుడగు సామ్యూల్ కోల్టు. ఐదారు అరలు గల గుండ్రని దిమ్మెను ఒకే గొట్టము వెనుక అమర్చి, సుత్తిని వెనుకకు లాగినప్పుడెల్ల ఒక్కొక్క అర గొట్టమునకు ఎదురుగా వచ్చునట్లు ఆయన యేర్పాటు చేసెను. 1836లో అమెరికా ప్రభుత్వము ఆ రివాల్వరుకు పేటెంటు హక్కునిచ్చెను. ఆయన మొదటి కర్మాగారము నష్టపడి 1842లో మూతపడెను. 1847లో మెక్సికో యుద్ధము నిమిత్తము సైన్యము వేయి రివాల్వర్లు కోరుటతో ఆయన మరల తలయెత్తెను. 1857లో స్మిత్, వెస్సన్ అను వారు లోహపు తూటా వేయు రివాల్వరును అమ్మకమునకు తెచ్చిరి. కోల్టు 1862లో మరణించెను.

పాశ్చాత్యదేశములలో ఆ పందొమ్మిదవ శతాబ్దపు రివాల్వర్లను పెన్నిధులుగా సేకరించువారు కలరు. గొట్టముమీదను, చట్రముమీదను, దిమ్మెమీదను కొట్టిన సంఖ్య ఒక్కటేయైనచో ఆ వస్తువునకు విలువ హెచ్చు. పాతబడిన లోహమును తోమి తళతళలాడించినచో విలువ తగ్గును. కాలము వేసిన మచ్చయే వారికి సాక్ష్యము. కోల్టు 1851 నాటి నౌకాదళపు నమూనాలో దిమ్మె చుట్టును 1843 నాటి సముద్రయుద్ధపు దృశ్యము చెక్కబడియుండును. సాలార్‌జంగు ఆయుధశాల వేరు. అందు ప్రాధాన్యము మన దేశపు, తూర్పుదేశముల పనివారి హస్తకౌశలమునకే. కాని రెంటి వెనుకనున్న బుద్ధి ఒక్కటే. వస్తువును చేసిన చేతిని మరువకుండుటయే ఆ బుద్ధి.

ఆయుధములతోపాటు ఆయన గ్రంథములను కూడబెట్టెను. అరబ్బీ, పారశీక, ఉర్దూ భాషల వ్రాతప్రతులు వేలకొలది ఆ యింట చేరెను. అచ్చు పుస్తకములకు లెక్కలేదు. కత్తి పదును కాలక్రమమున తుప్పుపట్టును గాని పుస్తకపు పదును చదువరి చేతిలో నిత్యము కొత్తదగును. ఆ రెంటిని ఒకే కప్పుక్రింద నుంచిన ప్రభువునకు ఈ భేదము తెలియకపోలేదు.

ఆయన సేకరణలో లోపములు లేకపోలేదు. మేలిమి వస్తువుల సరసన సామాన్యమైనవియు, నకళ్లును చేరినవని కళావిమర్శకులు చెప్పుదురు. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి కలదు. ఆ ధనము జాగీరు గ్రామములలో నాగలి పట్టిన రైతుల చెమట నుండి వచ్చినది. దివాన్ దేవిడీలో మెరసిన ప్రతి వస్తువు వెనుక ఎన్నడును ఆ గడప త్రొక్కని కర్షకుని పాలు కలదు. ఈ ఋణము తీరుట ఎట్లు? ఆయన జీవితకాలమున అది తీరలేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసెను. 1949 మార్చి 2న సాలార్‌జంగు పరమపదించెను. దాయిరా మీర్ మోమినులో ఆయనను ఖననము చేసిరి. సంతానము లేదు. ఆ సంవత్సరమే జాగీర్లు రద్దయ్యెను. ఆస్తికి దాయాదులు పెక్కురు. నలుబది సంవత్సరముల కూర్పు నాలుగు దిక్కులకు చెదరిపోవు గడియ వచ్చినది. ప్రభుత్వము ఎస్టేటు నిర్వహణకు కమిటీ నేర్పరచెను. నాటి పాలకుడు వెల్లోడి ప్రోత్సాహమున కళావేత్త జేమ్స్ కజిన్సు వస్తువులను తీర్చి అమర్చెను. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆ ప్రదర్శనశాలను ప్రారంభించెను. తరువాత దాయాదులు రాజీకి వచ్చిరి. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థయయ్యెను. 1968లో మూసీనది యొడ్డున నిర్మించిన నూతన భవనమునకు మారెను.

అట్లు ఆ ఋణము తీరు దారి దొరకినది. ఒకనాడు ప్రభువుల అతిథులు మాత్రమే చూచిన వస్తువులను నేడు టిక్కెట్టు కొన్న ఏ పల్లెవాసియైనను చూడవచ్చును. మన దేశమున పనిచేయు తుపాకి నుంచుకొనుటకు 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము అనుమతిపత్రము కావలయును. ప్రదర్శనశాలలోని తుపాకిని చూచుటకు ఆసక్తి యొక్కటి చాలును. ఇబ్రహీంపట్నమునుండి సాగరు దారిన నగరమునకు పోయి వచ్చుట ఒక్కదినపు పని.

గ్రంథాలయమునకును ఇదియే ధర్మము. బీరువాలో బంధించిన పుస్తకము ఒకరి సొత్తు. పదిమంది చేతులు మారిన పుస్తకము ఊరి సొత్తు. సాలార్‌జంగు కూడబెట్టుట యెరిగినవాడు. పంచిపెట్టు భాగ్యము ఆయన మరణానంతరము ప్రజలకు దక్కినది. కూడబెట్టుటయు పంచుటయు బ్రతికియుండగనే చేయు అవకాశము గ్రామ గ్రంథాలయమునకు కలదు. ఆ అవకాశమును నిలుపుకొనుటయే అట్టి సేకర్తలకు మనము చేయదగిన స్మరణ.